ఎడమ కాలి దారం

మా అత్త సోమక్క గురించి టేకుమట్లలో ఎవరిని అడిగినా రెండు మాటలు చెబుతారు. కోడిని కాల్చడంలో ఆమెను మించినవాళ్లు లేరు, ఆమె నోటికి ఎదురు నిలిచినవాళ్లూ లేరు. రెండో మాట నేను ఒప్పుకోను. ఆమె కోడలిని నేను. నా పేరు కల్యాణి, మా పుట్టిల్లు బచ్చన్నపేట. "మీ ఊర్ల నీళ్లు తక్కువ, నోరెక్కువ" అని ఆమె నన్ను ఎత్తిపొడవని రోజు లేదు, నేను ఊరుకున్న రోజూ లేదు. మా మామ భిక్షపతి మాత్రం మా ఇద్దరి మధ్య నోరు విప్పడు. బీడీలు మానేసినప్పటి నుంచి చేతులతో ఏం చేయాలో తోచక, అరుగు మీద కూర్చుని తాళ్లు పేనుతూ ఉంటాడు.

మొన్న దసరా నాడు మా ఇంట్లో జరిగిన గందరగోళం నాకు ఇప్పటికీ పూర్తిగా అర్థం కాలేదు. ఎవరికైనా చెబితే ఏమన్నా తేలుతుందేమో చూస్తాను.

ఈసారి దసరా గాంధీ జయంతి నాడే పడింది. ఊళ్లో జనానికి దిక్కు తోచలేదు. దసరా నాడు ముక్క లేకపోతే అది పండుగ లెక్కలోకే రాదు. గాంధీ జయంతి నాడు మాంసం దుకాణం తెరిస్తే కేసు పెడతారు. కోళ్ల దుకాణం అతను షట్టరు దించి, తెల్లచొక్కా వేసుకుని దాని ముందే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. తెలివైనవాళ్లు ముందు రోజే తెచ్చి ఫ్రిజ్‌లో దాచుకున్నారు. మా వాడకట్టులో కూడా ముందు రోజే మేకను కోసి పోగులు వేసుకున్నారు. మా పోగు ఆ పూటే వండుకుని తినేశాం. పండుగ రోజు పప్పు, గారెలతో సరిపెట్టుకుందామని అనుకున్నాం.

పొద్దున్నే ఆడబిడ్డ అక్షిత ఫోను చేసింది. అక్షితకు పోయిన ఎండాకాలమే పెళ్లయింది. అల్లుడు దేవేందర్‌ది తొర్రూరు, అక్కడే ఎరువుల దుకాణంలో పని. వాళ్లు పండుగ మర్నాడు వస్తామన్నారు. అంతలోనే, "వదినా, ఆయనకు రేపు సెలవు లేదంట. ఇయ్యాలనే వస్తున్నం, సాయంత్రం వరకు ఆడుంటం" అంది.

నేను ఆ మాట చెప్పగానే మా అత్త చేతిలోని చాట కింద పెట్టేసింది.

"కొత్తల్లుడు తొలి దసరాకు వచ్చి పప్పు తినిపోతడానే? ఊళ్లె నేను తలెత్తుకొని తిరుగుడెట్ల?"

"కోడిని కొయ్యరాదు అత్తా. రెండు పుంజులున్నయి గద" అన్నాను.

"రెండున్నయి గాని ఒకటి తల్లిది. మరిచినవా?"

మరచిపోలేదు. వానాకాలంలో వచ్చిన రోగానికి మా కోళ్లన్నీ పోయి, పొదుగు మీదున్న పెట్ట ఒకటి, రెండు పుంజులు మిగిలాయి. పుంజులు రెండూ ఒకే పొదుగు పిల్లలు. ఎర్ర రెక్కలు, నల్ల తోకలు, రెండింటికీ ఒకటే పొగరు. ఆ రెండింటిలో ఒకదాన్ని మా అత్త మేడారం తల్లికి మొక్కింది. అక్షిత పెళ్లయిన కొన్నాళ్లకు మామకు గుండెనొప్పి వచ్చింది. వరంగల్ తీసుకుపోతే లోపల స్టెంటు వేయాలన్నారు. ఆ దవాఖాన వసారాలో నిలబడి మా అత్త చేతులెత్తింది. "నా పెనిమిటి లేచి నడుస్తె మాఘంల జాతరకు ఎదురుకోడి తెస్త తల్లీ" అని మొక్కింది. సమ్మక్క గద్దె మీదికి వస్తుంటే ఎదురుగా కోడిని ఎగరేయడమే ఆ మొక్కు. మామ లేచాడు, నడిచాడు. ఇంటికి రాగానే అత్త ఒక పుంజుకు పసుపు దారం కట్టింది. పాదం దగ్గర కడితే ముళ్లకు పట్టుకుని తెగిపోతుందని, తొడ మీద ఈకల లోపల కట్టింది. ఎత్తి చూస్తే తప్ప కనబడదు. ఆ రోజు కోడిని పట్టుకున్నది నేనే.

"దారం లేని దాన్ని కోద్దాం" అని అత్త గంప ఎత్తి ఒక పుంజును పట్టుకుంది. ఈకలు తప్పించి చూసింది. దారం ఉంది.

"ఇది తల్లిది. రెండోదాన్ని పట్టు."

నేను రెండోదాన్ని వెంటాడి, దొడ్డంతా తిరిగి, మోచెయ్యి గీరుకుపోయాక పట్టుకున్నాను. ఈకలు తప్పించి చూశాను. దానికీ దారం ఉంది. అదే పసుపు, అదే లావు.

మా అత్త నా మొహం చూసింది. నేను ఆమె మొహం చూశాను. పుంజులు రెండూ మా ఇద్దరి చంకల్లో ఉండి మమ్మల్ని చూశాయి.

"నేను ఒక్కదానికే కట్టిన" అంది మా అత్త. "ఒక్కదానికే కట్టిన గదనే?"

"ఒక్కదానికే."

"మల్ల రెండోది ఎవలు కట్టిండ్రు?"

నాకేం తెలుసు? కానీ అప్పటికే ఆమె కళ్లు నా పొట్ట మీద పడ్డాయి. "పిల్లా, పిల్లల కోసం నువ్వేమన్న మొక్కినవా నాకు చెప్పకుంట?" అంది. నాకు కోపం నషాళానికి ఎక్కింది. మొక్కితే ఒక్క కోడిని ఎందుకు మొక్కుతాను, మందనే మొక్కుతాను అన్నాను. ఈ గోల విని నా పెనిమిటి వెంకటేశ్ లోపలి నుంచి వచ్చాడు. అత్త అతని మీద పడింది. బొగ్గుబాయిలో నౌకరీ కోసం మొక్కావా అని అడిగింది. "నాకు దారం కట్టుడే రాదవ్వా" అన్నాడతను. నిజమే, లుంగీ ముడే సరిగ్గా వేసుకోడు. తర్వాత నా వైపు తిరిగి, నువ్వు నిజంగానే ఏమైనా మొక్కావా అని మెల్లగా అడిగాడు. ఆ పూటంతా నేను అతనితో మాట్లాడలేదు. అక్షితకు ఫోను చేశాం. మిక్సీ చప్పుడులో ఆమె "కోడేంది, దారమేంది, మీకేమైంది" అని పెట్టేసింది.

అప్పుడు అరుగు మీద నుంచి మామ గొంతు వినిపించింది. తాడు పేనడం ఆపలేదు, తల ఎత్తలేదు.

"ఎడమ కాలుకు దారమున్నదాన్ని కొయ్యిండ్రి. కుడి కాలుది తల్లిది."

చూస్తే నిజంగానే ఒకదానికి కుడి తొడకు, ఇంకొకదానికి ఎడమ తొడకు ఉంది. అత్త అనుమానంగా అతని వైపు అడుగేసింది.

"నీకెట్ల ఎరుక? నేను కట్టినప్పుడు నువ్వు మంచంల పండి ఉంటివి."

"నాకెరుక."

"ఎట్ల ఎరుక అంటున్న."

"ఎరుకంటె ఎరుకే" అని మామ తాడు పేనడంలో పడ్డాడు.

అత్త నన్ను పట్టుకుంది. "నువ్వు పట్టుకోలె? నేను ఏ కాలుకు కట్టిన?" గుర్తు తెచ్చుకోవడానికి నేను నిజంగా ప్రయత్నించాను. నేను కోడిని తలకిందులుగా పట్టుకున్నాను, ఆమె నాకెదురుగా కూర్చుని కట్టింది. నా కుడిచేతి వైపున్న కాలికి కట్టిందని గుర్తు. కోడి పొట్ట నా వైపు ఉందా, ఆమె వైపు ఉందా? కోడి తలకిందులైతే కుడి మారుతుందా, మారదా? వెంకటేశ్ ఒక పుంజును తలకిందులు చేసి చూపించబోతే అది ముక్కుతో పొడిచింది. మేం ముగ్గురం దొడ్లో నిలబడి చేతులు అటూ ఇటూ తిప్పుతూ కుడి ఎడమలు లెక్కవేస్తుంటే, పక్కింటావిడ గోడ మీద నుంచి తొంగిచూసి బతుకమ్మ ఆడుతున్నారా అని అడిగింది.

అత్త నవ్వలేదు. ఆమెకు ఇది నవ్వులాట కాదు. తల్లికిచ్చిన కోడిని కోసుకుతింటే తల్లి ఊరుకోదు, ఏ ప్రాణం కోసం మొక్కామో ఆ ప్రాణాన్నే అడుగుతుంది. మా అత్త నమ్మేది అదే. పొరపాటు పుంజు మెడ తెగితే తన పెనిమిటి మెడ మీదికి వస్తుందని ఆమె భయం. నేను ఇలాంటివి అంతగా నమ్మను. కానీ ఆమె చేతిలోని పుంజును కింద పెట్టడం లేదు, కత్తి తెమ్మనడమూ లేదు.

"అల్లునికి పప్పే పెడదాం తియ్యి" అన్నాను.

ఆమె తటపటాయించింది. అప్పుడు మామ తాడు పక్కన పెట్టి లేచాడు, ఆమె చేతిలో నుంచి ఎడమ కాలు దారం పుంజును తీసుకున్నాడు. "నా మాట మీద కోస్తున్న. తప్పైతే నాదే" అని దొడ్డి వెనక్కి పోయాడు. వద్దనే లోపు పని అయిపోయింది. కోసేముందు అతను విప్పిన దారాన్ని అత్త కిందపడనివ్వలేదు. తీసి చీర బొడ్లో దోపుకుంది.

ఇక పని మొదలయ్యాక ఆమె చేతులు ఆమె మాట కూడా వినవు. వేడినీళ్లలో ముంచి ఈకలు పీకింది. వరిగడ్డి మంట మీద పుంజును తిప్పుతూ మిగిలిన నూగంతా కాల్చింది. పసుపు రుద్ది, కడిగి, మళ్లీ మంటకు చూపింది. తోలు బంగారు రంగుకు తిరిగి, కమ్మని వాసన వచ్చేదాకా వదల్లేదు. పొట్ట చీల్చి శుభ్రం చేసి, ఒళ్లంతా కత్తితో గాట్లు పెట్టింది. కారం, ఉప్పు, అల్లంవెల్లుల్లి, వేయించి దంచిన ధనియాలు, నువ్వులు, ఎండుకొబ్బరి, చింతపులుసు అన్నీ కలిపి గాట్లలోకి దిగేలా పట్టించింది. కార్జం, కందనకాయలకు కూడా ఆ మసాలానే పట్టించి, ఉల్లిగడ్డలు, పుదీనాతో కలిపి పొట్టలో కూరి కుట్టేసింది. ముక్కలు చేయడం ఉండదు, కోడి కోడిలాగే ఉండాలి. దాని చుట్టూ మోదుగాకులు దట్టంగా చుట్టి, తాడుతో బిగించి, పైన చెరువు బంకమట్టి మెత్తింది. తుమ్మమొద్దులు, పత్తికట్టె కాల్చిన గుంటలో నిప్పులు పరిచి, ఆ మట్టిముద్దను పెట్టి, పైన మళ్లీ నిప్పులు కప్పింది. వాళ్ల తల్లిగారి ఊరు అడవి పక్కన. అక్కడ నేర్చుకున్న పని అది.

"మట్టి పగిలినంకనే లోపలేముందో తెలుస్తది" అంటుంది ఎప్పుడూ. ఆ రోజు ఆ మాట అనలేదు. గుంట పక్కన పీట వేసుకుని కూర్చుంది. నేను బగారన్నానికి పోపు వేస్తూ చూస్తూనే ఉన్నాను. దూపవుతున్నట్టుంది, పెదవులు తడుపుకుంటోంది. నీళ్లు కావాలా అంటే వద్దంది.

మా అత్తతో నా అసలు తగాదా అదే. ఆమె ఎవరినీ ఏదీ అడగదు. పెళ్లి బంతిలో కూర్చుంటే రెండోసారి కూర వేయమనదు. బస్సులో కాళ్లు పీకుతున్నా జరగమనదు. భాద్రపదంలో ఆమెకు జ్వరం వచ్చి ముసుగు పెట్టింది. పత్తి చేనుకు పోయేముందు ఏమన్నా చేసి పెట్టనా అని అడిగాను. "ఏమొద్దు, నువ్వు పో" అంది. మధ్యాహ్నం వచ్చి చూస్తే మంచం పక్కన గంజి గిన్నె ఉంది, అడుగంతా మాడింది. లేవలేని మనిషి నన్ను అడగకుండా తనే లేచి కాచుకుందని నాకు ఏడుపొచ్చినంత పనైంది. పరాయిదాన్ని కనుకనే కదా అడగలేదని రెండు రోజులు మూతి ముడుచుకుని తిరిగాను. ఆమె అది కూడా ఎందుకని అడగలేదు.

పొద్దు వాలేసరికి అక్షిత, దేవేందర్ వచ్చారు. అల్లుడు కొత్త చొక్కా, చేతిలో స్వీటు డబ్బాతో సిగ్గుపడుతూ నిలబడ్డాడు. అతను మంచివాడే, కానీ ఎక్కడ కూర్చోమంటే అక్కడే గంటసేపు కూర్చునే రకం. వెంకటేశ్ అతన్ని జమ్మికి తీసుకుపోయాడు. దీపాలు పెట్టేవేళకు అందరూ జమ్మి ఆకు తెచ్చి పెద్దల చేతుల్లో పెట్టి కాళ్లు మొక్కారు. దొడ్లో గుంట పక్కనే చాపలు పరిచాను. విస్తరాకులు వేసి, బగారన్నం, గారెలు తెచ్చాను. నిప్పుల సందుల్లోంచి మసాలా వాసన వస్తుంటే దేవేందర్ అంతటి మొగమాటస్తుడు కూడా గుంట వైపే చూస్తున్నాడు.

"ఇగ తియ్యి అవ్వా" అంది అక్షిత.

మా అత్త పార తీసుకుని నిప్పులు పక్కకు తోసింది. మట్టిముద్ద ఎర్రగా కాలి గట్టిపడి ఉంది. దాన్ని బయటికి లాగింది. పగలగొట్టడానికి రోకలి ఎత్తింది. ఎత్తి, దించేసి, మట్టిముద్ద ముందు పీట వేసుకుని కూర్చుంది.

"పగులగొట్ట" అంది.

"ఏమైందే?" అన్నాడు మామ.

"ఎడమ కాలు దారం సంగతి ఆయనకు ఎట్ల ఎరుకనో చెప్పాలె. చెప్పినంకనే పగులగొడుత. లేకుంటె గీ కోడి గిట్లనే మట్టిల ఉంటది."

అక్షిత తెల్లబోయింది. నేను పొద్దుటి సంగతంతా ఆమె చెవిలో చెప్పాను. చెబుతుంటే నాకే కుడి ఎడమలు మళ్లీ తారుమారయ్యాయి. దేవేందర్ ఖాళీ విస్తరి ముందు చేతులు కట్టుకుని, తను ఏం తప్పు చేశాడో అర్థంకాక అందరి మొహాలూ చూస్తున్నాడు. నాకు మామ మీద కోపం వచ్చింది. ఒక్కమాట చెబితే పోయేదానికి కొత్తల్లుడి ముందు ఈ పంచాయితీ ఏమిటి?

"మామా, నీకు దండం పెడత, చెప్పరాదు" అన్నాను.

మామ జమ్మి ఆకును వేళ్ల మధ్య నలుపుతూ అన్నాడు.

"ఎడమ కాలు దారం నేనే కట్టిన."

ఆకు నలపడం ఆపకుండానే మిగతాదీ చెప్పాడు.

"మీరందరు చేనుకు పోయినప్పుడు కట్టిన. సోమక్క కట్టిన దారం కుడి కాలుకున్నది, చూసిన. కలవకూడదని నాది ఎడమ కాలుకు కట్టిన."

"నీకేం మొక్కున్నది?" అంది అత్త.

"దవాఖానల నా పక్క మంచం మీద ఒక పెద్దమనిషి ఉండె. పెండ్లాం సచ్చిపోయి ఏడాదంట. కొడుకు, కోడలు మంచిగనే చూస్తుండ్రి. గాని అన్నం ముందట పెట్టినా ఆయన చెయ్యి పెట్టకపోయేది. తినుమని ఎవలో చెప్పాలె. గది చూసి నాకు భయమైంది. గప్పుడే మొక్కిన."

"ఏమని?"

"సోమక్క కంటె ముందుగాల నన్నే తీస్కపో తల్లీ అని. ఒక్క దినమన్న ముందుగ."

నా చేతిలో గారెల గిన్నె ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో నాకు తోచలేదు. అక్షిత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అంటె" అంది మా అత్త, ఒక్కో మాట కూడబలుక్కుంటూ, "నిన్ను బతికియ్యుమని నేను బయట మొక్కుతుంటె, నువ్వు లోపల సావనీకి మొక్కినవా?"

"సావనీకి గాదే. ముందుగ అని."

"ముందుగ అంటె గదే గదయ్యా దొంగ ముసలోడా! ఆ తల్లి ఎవల మాట వినాలె? నా మాటనా, నీ మాటనా? మనిద్దరి నడుమ ఆమెను పరేషాన్ జేసినవు. గంత మొక్కు మొక్కినోనివి, మల్ల గా కోడి మెడనే ఎట్ల కోసినవు?"

"మొక్కు వాపసు తీస్కున్న."

"వాపసు తీస్కునేతందుకు గదేమన్న అంగట్ల కొన్న చెప్పులా?"

దేవేందర్‌కు నవ్వొచ్చి ఆపుకోబోయి దగ్గాడు. మామ అటు చూడలేదు. ఆమెనే చూస్తూ అన్నాడు.

"మొన్న నీకు జెరమొచ్చినప్పుడు గంజి కాసిచ్చిన. యాదికున్నదా?"

"మాడింది."

"మాడింది. గది తాగుకుంట నన్నెన్ని తిడితివి! ఉప్పెక్కువైంది, కండ్లు కనవడ్తలేవా, నీళ్లియ్యరాదా, దుప్పటి కప్పరాదా, కాళ్లు పిసుకరాదా అని మధ్యాన్నం దాక తిడితివి. గా తిట్లు పడుకుంట నేనొకటి ఆలోచన జేసిన. నేను ముందుగ పోతె ఇది ఎవల్ని తిడుతది? కొడుకు, కోడలు మంచోళ్లే. అడిగితె కాదనరు. గాని నువ్వు అడగవు గదనే. గొంతు ఎండినా అడగవు. నన్నొక్కన్నే అడుగుతవు, అది గుడ తిట్టుకుంట అడుగుతవు. నేను పోతె నువ్వు దూపతోనే సస్తవు."

మాడిన గంజి ఎవరు కాచారో నాకు అప్పుడు తెలిసింది. రెండు రోజులు మూతి ముడుచుకున్నది ఎవరి మీదో, ఎందుకో, అంతా ఒక్కసారి అడ్డదిడ్డమైపోయింది. ఆమె అడగనిది నేను పరాయిదాన్ని అని కాదు. ఆమెకు తిట్టడం తప్ప అడగడం రాదు, కోడలిని ఎత్తిపొడుస్తుంది గానీ అంతలేసి తిట్లు తిట్టలేకపోతుంది. ఇది తెలిసి సంతోషపడాలో ఏడవాలో తెలియక నేను గారెలు తీసి అందరి విస్తళ్లలో వేశాను.

మా అత్త ఏడ్చింది. మేం చూస్తుండగా ఆమె ఏడవడం నేను ఎరగను. మొహం పక్కకు తిప్పుకోలేదు, తుడుచుకోలేదు, కూర్చున్న చోటే కూర్చుని ఏడ్చింది.

"అందుకే కోసిన" అన్నాడు మామ. "ఎవలు ముందో ఎవలు ఎనుకో తల్లి ఇష్టం. తల్లి కోడిని తినుడు తప్పైతె మీరెవలు తినకుండ్రి. మొత్తం నేనే తింట. ఏమన్న అయితె నాకే అయితది."

"డాక్టరు నిన్ను తోలు తినొద్దన్నడు మామా" అనేశాను. ఎందుకన్నానో నాకే తెలియదు. అక్షిత పకపకా నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది.

కానీ చిక్కు చిక్కులాగే ఉంది. ఇప్పుడు తేలింది ఏమిటి? గుంటలో కాలింది అత్త మొక్కిన పుంజు కాదు. అయినా అదీ మొక్కిన పుంజే. తినొచ్చా, తినకూడదా? వాపసు తీసుకున్న మొక్కు మొక్కేనా? వెంకటేశ్ ఎవరినైనా అడుగుదామన్నాడు. ఎవరిని అడగాలో అతనికీ తెలియదు. దేవేందర్ మెల్లగా, "నాకు పప్పైనా మంచిగనే ఉంటది అత్తమ్మా" అన్నాడు.

మా అత్త అప్పుడు కొంగుతో మొహం తుడుచుకుంది. మామ వైపు వేలు చూపించింది.

"నా పేరు తీసి మొక్కినవు గద. నన్నడిగినవా?"

"లేదు."

"నన్నడగకుంట నా మీద మొక్కితె గది మొక్కెట్లయితది? నేను ఒప్పుకోలె. తల్లి గుడ ఒప్పుకోదు. ఆమె గుడ ఆడమనిషే గద, సంసారం చేసినామె."

అని రోకలెత్తి మట్టి మీద ఒక్క దెబ్బ వేసింది. మట్టి పెంకులుగా విడిపోయింది. మాడిన మోదుగాకులు ఒలుస్తుంటే ఆవిరి లేచింది, పుంజు నిగనిగలాడుతూ బయటపడింది. వేళ్లతో తాకగానే కాలు ఊడివచ్చింది. మొదటి కాలు, కార్జం అల్లుడి విస్తట్లో పెట్టింది. అతను చెయ్యి పెట్టకుండా అందరినీ చూస్తుంటే, "తిను బిడ్డా. పాపమేమన్న ఉంటె గీ ముసలోని మీదనే పడ్తది" అంది. మామకు తోలు ఒలిచిన రొమ్ము ముక్క వేసింది. నేను ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాను. అంత రుచిగా ఆమె మళ్లీ వండుతుందో లేదో చెప్పలేను. అది ఎవరి కోడో, తినడం తప్పో ఒప్పో నాకు ఇప్పటికీ తెలియదు. మళ్లీ రెండు ముక్కలు వేసుకున్నానని మాత్రం తెలుసు.

తింటుంటే అత్తకు కారం తగిలి కళ్లలో నీళ్లు తిరిగాయి. నీళ్ల చెంబు నా దగ్గరే ఉంది. ఆమె అడుగుతుందేమోనని చెంబు మీద చెయ్యి వేసి కూర్చున్నాను. ఆమె మామ వైపు తిరిగి, "కండ్లు కనవడ్తలేవా, నీళ్లియ్యరాదా" అంది. మామ చెంబు కోసం నా దగ్గరికే వచ్చాడు. నేను ఇచ్చాను. అతను ఆమెకు ఇచ్చాడు.

మర్నాడు అల్లుడు, కూతురు తొలి బస్సుకు పోయారు. నేను దొడ్డి ఊడుస్తుంటే మా అత్త మిగిలిన పుంజును చంకలో పెట్టుకుని వచ్చింది. బొడ్లోంచి నిన్నటి దారం తీసింది.

"కల్యాణీ, జర గీ కోడిని పట్టుకో బిడ్డా" అంది.

చీపురు పడేసి పట్టుకున్నాను. ఈసారి తలకిందులుగా పట్టుకోలేదు. కుడి తొడకు పాత దారం ఉంది. ఆమె రెండో దారాన్ని ఎడమ తొడకు కట్టసాగింది.

"మల్ల ఏం మొక్కుతున్నవ్ అత్తా? మామ మొక్కునే మల్ల కడుతున్నవా?"

"ఆయన మొక్కు కాదు, నా మొక్కు కాదు. రెండు కలిపి ఒకటే మొక్కిన."

"ఏమని?"

ఆమె ముడి బిగించింది. అరుగు మీద మామ తాడు పేనుతున్నాడు, చెవులు మాత్రం ఇటే ఉన్నాయి.

"ముందుగ ఎవలు, ఎనుక ఎవలు అని అడగ తల్లీ, గాని మా ఇంటికి జర ఆలిశంగ రా అన్న" అంది మా అత్త.